సంజీవయ్య ఇంకా లేయలేదు

ఆళ్లగడ్డలో అహోబిలం దారి పట్టుకుని పోతే ఊరి చివర హనుమంతయ్య శెట్టి గోదాము ఉండేది. దాని వెనక పాతర్ల దొడ్డి. పాతర అంటే జొన్నలు దాచే గొయ్యి — మనిషి నిలువుకు రెండింతలు లోతు తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన మట్టితో మూతేస్తారు. ఏడాది తర్వాత తీసినా గింజ చెక్కుచెదరదు. అట్లాంటివి ఆ దొడ్డిలో వరసగా ఉండేవి. పగటిపూట అక్కడ కోళ్లు తిరిగేవి, హమాలీలు బీడీలు కాల్చుకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్లు. పొద్దు గూకిందా... ఇక ఆ గోడ పక్కన నడిచే మొనగాడు ఊళ్లో లేడు.

కారణం సంజీవయ్య.

సంజీవయ్య ఆ గోదాములోనే హమాలీ. ఒకనాటి రాత్రి కొత్తగా తీసిన పాతరలోకి దిగాడు. దిగినవాడు మళ్లీ తన కాళ్లమీద పైకి రాలేదు. అప్పటినుంచీ, తీసిన పాతర దగ్గరికి చీకట్లో ఎవరు పోయినా లోపలినుంచి పేరు పెట్టి పిలుస్తాడని... లాంతరు దించితే ఉఫ్‌మని ఊది ఆర్పేస్తాడని... చెప్పుకునేవాళ్లు. పాములపాడు నుంచి వచ్చిన బండివాడొకడు ఆ పిలుపు విని ఎద్దుల్నీ బండినీ అక్కడే వదిలేసి పరుగందుకున్నాడట, అహోబిలం నరసింహస్వామి గుడిమెట్ల మీద గానీ ఆగలేదట. మధ్యలో ఊపిరి తీసుకున్నాడో లేదో చెప్పినవాళ్లు చెప్పలేదు.

హమాలీలు మాత్రం ఆ దెయ్యంతో ఒక ఒప్పందానికి వచ్చేశారు. ఎంతైనా తమతో కలిసి మూటలు మోసినవాడు కదా. పాతర మూత తీసి, పగలంతా అట్లాగే వదిలేసేవాళ్లు. రెండోరోజు కంబళి ఒకటి లోపలికి వేలాడదీసి విసిరేవాళ్లు — లోపల పడుకున్నవాణ్ని లేపడానికట. ఆ తర్వాత తాడుకు లాంతరు కట్టి దించేవాళ్లు. దీపం ఆరిపోతే, "సంజీవయ్య ఇంకా లేయలేదు" అని గౌరవంగా వెనక్కి జరిగి, ఎవరి ఇంటికి వాళ్లు పోయేవాళ్లు. దీపం నిలబడి వెలిగితే, "లేచి పోయినాడు, పదండి" అని దిగేవాళ్లు. పని ఆగిందని శెట్టి లోలోపల గొణుక్కునేవాడే గానీ, పైకి అనడానికి ఆయనకూ ధైర్యం చాలేది కాదు.

ఆ దెయ్యాన్ని తరిమేద్దామని నంద్యాల నుంచి ఒక మనిషి బస్సు దిగాడు. డెబ్బై ఎనిమిదో సంవత్సరం ప్రాంతాల మాట.

ఆయన పేరు పరంజ్యోతి. నంద్యాలలో పత్తి మిల్లు గుమాస్తా. నూనె మిల్లులవాళ్లూ పత్తి మిల్లులవాళ్లూ కలిసి ఒక భద్రతా సంఘం పెట్టుకుంటే, రాయడం వచ్చినవాడని ఆయన్ని కార్యదర్శిని చేశారు. నెలకొకసారి చేత్తో స్టెన్సిల్ రాసి, బడిలో ఉన్న సైక్లోస్టైల్ మిషను మీద తిప్పి, 'భద్రతా వార్త' అనే కాగితం తీసేవాడు. పంచె వదులుగా కట్టుకుని బెల్టు దగ్గరికి పోవద్దు, బీడీ ఆర్పకుండా పత్తిలో పారేయొద్దు, తిరిగే మిషన్లో చెయ్యి పెట్టి దూది తీయొద్దు — ఇట్లాంటివన్నీ అందులో ఉండేవి. ఫలానా మిల్లులో ఈ నెల ఎవరికీ దెబ్బ తగల్లేదని రాయాల్సి వస్తే ఆయనకు పండగే.

మంచివాడు. ఆదివారం చర్చిలో అందరికంటే పెద్ద గొంతుతో పాడేవాడు. ఒకటే లోపం — చీకటంటే భయం. రాత్రిపూట పెరట్లోకి పోవాలంటే భార్య జీవమ్మ ముందు లాంతరు పట్టుకుని నడవాలి. ఊరందరి క్షేమం చూసే పెద్దమనిషికి కాపలా నేనా అని ఆమె నవ్వేది. ఆయన కూడా నవ్వి, ఆమె కొంగు మాత్రం వదిలేవాడు కాదు.

ఆళ్లగడ్డకు మాత్రం పట్టపగలే వచ్చాడు లెండి. హమాలీల మేస్త్రీ నరసింహులును కూర్చోబెట్టుకుని, దెయ్యం సంగతి ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. మూసిన పాతరలో గింజ ఊపిరి తీసుకుంటుందనీ, లోపలి గాలి చెడిపోతుందనీ, ఆ చెడ్డగాలి బరువుగా అడుగునే పేరుకుంటుందనీ, దాంట్లో దీపమూ బతకదు మనిషీ బతకడనీ చెప్పాడు. సంజీవయ్యను చంపింది ఆ గాలేగానీ అక్కడ దెయ్యమూ లేదు, గియ్యమూ లేదన్నాడు. నరసింహులు ఏనుగంత మనిషి. అన్నీ విని బుద్ధిగా తల ఊపాడు.

దొడ్డిలో ఒలికిన గింజలు ఊడ్చుకుంటున్న ఒక ఆడమనిషి మాత్రం చీపురు ఆపింది. హన్నమ్మ — సంజీవయ్య భార్య. మొగుడు పోయాక అక్కడే ఊడ్చుకుని బతుకుతోంది.

"మా ఆయప్ప లేడని చెప్పేదానికి నువ్వెవరప్పా?" అంది.

పరంజ్యోతి మనసు కలుక్కుమంది. పాపం, మొగుడు దెయ్యంగానైనా ఉన్నాడనుకుని ఓదార్చుకుంటోంది కాబోలు అనుకున్నాడు. ఇట్లా ఇంకొక ఆడమనిషి కాకూడదనే నేను రాస్తాను అని గట్టిగా అనుకుని బస్సెక్కాడు.

రాశాడు. బాగా రాశాడు. కాగితం నెత్తిన, దూరం నుంచి కనబడేంత అక్షరాలతో — 'ఆళ్లగడ్డ పాతరలో దెయ్యం లేదు'. దాని కింద చెడ్డగాలి కథ, దీపం ఆరితే దిగకూడదన్న మాట, అన్నీ ఉన్నాయి. కానీ ఆ నెల సిరా తక్కువ పడింది. పైన నల్లగా అచ్చయింది, కిందికి వచ్చేసరికి బల్లి నడిచినట్టు అక్కడో గీత, ఇక్కడో గీత. పోనీలే, తలకట్టు బాగా పడింది గదా అని పరంజ్యోతి సంతోషించాడు.

పది రోజులు కాలేదు. ఆయన మిల్లు నుంచి వస్తూ నంద్యాల బస్టాండు దగ్గర బోండాలు తింటుంటే, బావమరిది కృపావరం కనబడ్డాడు. ఆళ్లగడ్డ బస్సులో కండక్టరు. ముఖం వెలిగిపోతోంది.

బావ కాగితం ఆళ్లగడ్డలో మోగిపోతోందట. టీ కొట్లో గోడకు అంటించారట. దెయ్యం లేదని నంద్యాల సంఘమే అచ్చేసిందని హమాలీలు ఒకర్నొకరు వెక్కిరించుకుంటున్నారట, ఇన్నేళ్లూ ఉత్త గాలిని కంబళి విసిరి లేపినామే అని.

"ఈ సాయంత్రమే శెట్టి కొత్త పాతర తీయిస్తాండాడు బావా. రాత్రికే దిగుతారంట. దెయ్యమే లేనప్పుడు ఇంగ కాసుకోవడం ఎందుకు అంటాండాడు నరసింహులు. ఎంత మార్పు తెచ్చినావు నువ్వు!"

పరంజ్యోతి బోండాల పొట్లం అక్కడే పారేశాడు.

బస్సు ఎప్పుడు అని అడిగాడు. ఇదే, కదులుతోంది అన్నాడు కృపావరం. ఇంటికి కబురు కూడా పెట్టకుండా ఎక్కేశాడు.

ఆ రోజు ఆ బస్సు నడిచినంత మెల్లగా ఎద్దుబండి కూడా నడవదనిపించింది ఆయనకు. ప్రతి ఊళ్లో ఆగింది. ఒకచోట కోళ్లగంప ఎక్కించారు. ఒకచోట ఎవరిదో పెళ్లి సామాను దించారు. పరంజ్యోతి సీటు అంచు మీద కూర్చుని, నరసింహులు ఏనుగంత ఒళ్లు, దాని మీద ఆధారపడ్డ పెళ్లాం పిల్లలు, అన్నీ కళ్లముందు పెట్టుకున్నాడు. చంపుతున్నది గాలి కాదు, తన అక్షరాలు అనిపించింది. దుఃఖం వచ్చింది. కృపావరం టిక్కెట్టు కొట్టడం మరిచిపోయి బావ ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

ఆళ్లగడ్డలో దిగేసరికి చీకటి పడింది. కరెంటు లేదు. నల్లమల మీద మబ్బు పట్టి, ఉన్న చుక్కలు కూడా మాయమయ్యాయి.

కృపావరం బస్సు వదిలి రాలేడు. తోడెవరూ లేరు. అహోబిలం దారిలో పరంజ్యోతి ఒక్కడే నడిచాడు.

ముందు కొంత దూరం దుకాణాల బుడ్డీదీపాలు తోడొచ్చాయి. తర్వాత అవీ లేవు. తన చెప్పుల చప్పుడు తన వెనకే వస్తోంది... ఆగితే ఆగుతోంది... నడిస్తే నడుస్తోంది. 'గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను' అని మొదలుపెట్టాడు. తర్వాతి మాట గుర్తుకు రాలేదు. చిన్నప్పటినుంచి కంఠతా వచ్చిన కీర్తన, ఆ లోయ దగ్గరే ఆగిపోయింది.

గోదాము గోడ వచ్చింది. గోడవతల జొన్నచొప్ప వామి ఒకటి గాలికి గలగలమంది. ఆ చప్పుళ్లో ఇంకేదో చప్పుడు — ఎవరో మెల్లగా పాక్కుంటూ పోతున్నట్టు. పరంజ్యోతి కాళ్లు నేలకు అతుక్కున్నాయి. ఇంటికి పోదాం అన్నాయి కాళ్లు. నరసింహులు, అంది మనసు. కాళ్లను తిట్టుకుంటూ ముందుకు ఈడ్చుకుపోయాడు.

దొడ్డిలో ఒక లాంతరు చుట్టూ మనుషులు. మధ్యలో నల్లగా నోరు తెరుచుకున్న పాతర. దాంట్లోంచి పులిసిన వాసన. హనుమంతయ్య శెట్టి మబ్బుకేసి చూస్తూ పచార్లు చేస్తున్నాడు. మిడుతూరు పోవాల్సిన లారీ ఎదురు చూస్తోంది, వాన పడితే తెరిచిన పాతరలో జొన్నలన్నీ ముక్కిపోతాయి. నరసింహులు నడుముకు తాడు బిగించుకుంటున్నాడు.

పరంజ్యోతిని చూసి అందరూ చప్పట్లు కొట్టారు. దెయ్యాన్ని చంపినవాడు సమయానికి వచ్చాడని మురిసిపోయారు. ఆయన రొప్పుతూనే దిగొద్దన్నాడు. చెడ్డగాలి అన్నాడు, లాంతరు దించి చూడండి అన్నాడు.

దించారు.

మంట సన్నబడింది... నీలంగా వణికింది... ఆరిపోయింది.

దొడ్డి మొత్తం చీకటి. ఇదే పది రోజుల కిందట అయితే ఒక్కడు నిలబడేవాడు కాదు. ఇప్పుడు చీకట్లోంచి నవ్వులు వినబడ్డాయి.

"గాలికి ఆరింది లేన్నా," అన్నాడు నరసింహులు. "నువ్వే రాసినావు గదా, అది ఉత్త గాలేనని. దెయ్యమంటే ఏమో గానీ, గాలికి భయపడి ఇంటికి పోతే ఆడోళ్లు నగరా?"

పరంజ్యోతికి అప్పుడు అర్థమైంది తాను చేసిన పని. వీళ్లను ఇన్నేళ్లు బతికించింది ఆ భయమే. ఆ భయాన్ని తీసేసి, దాని చోట పెట్టింది ఏమీ లేదు. కంటికి కనబడని, ముక్కుకు తెలియని గాలి — దానికి వీళ్లు ఎట్లా భయపడతారు?

ఇక ఆయన, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ ఆడని అబద్ధం ఆడాడు.

"నేను రాసింది తప్పు నరసింహులూ. ఉండాడు. సంజీవయ్య లోపలే ఉండాడు."

నవ్వులు ఇంకా పెరిగాయి. అన్న తమాషా చేస్తున్నాడన్నారు. మబ్బు ఉరిమింది. శెట్టి, కానీయండప్పా కానీయండి అని తొందరపెట్టాడు. నరసింహులు పాతర అంచున కూర్చుని రెండు కాళ్లూ లోపలికి వేశాడు. పరంజ్యోతి వెనకనుంచి ఆయన నడుము తాడు పట్టుకుని లాగుతున్నాడు. ఏనుగును కోడిపిల్ల లాగినట్టుంది. తాడు చేతుల్లోంచి జారిపోతోంది...

అప్పుడు వినబడింది.

నేలలోంచి. లోతునుంచి. ఖాళీ కుండలో మాట్లాడినట్టు బొంగురుగా —

"నర్సిమ్ములూ..."

నవ్వులు ఆగిపోయాయి. గాలి కూడా ఆగినట్టుంది.

"నర్సిమ్ములూ... నేనింకా లేయలేదురా..."

లోపలికి వేసిన కాళ్లు నరసింహులు మెల్లగా, ఎంతో మెల్లగా, పైకి తీసుకుంటున్నాడు.

"నామీద కాలు పెడతావేందిరా... చీకట్లో వచ్చి..."

అంతే. ఆ తర్వాత ఎవరు ఎటు పోయారో ఎవరికీ తెలియదు. శెట్టి రుమాలు ఒకచోట, చెప్పులు ఒకచోట. ఏనుగంత మనిషి గోడను మెట్టు లెక్కన దాటేశాడు. నడుము తాడు వెనకాల పాములా పాక్కుంటూ పోయింది. అబద్ధమాడిన పరంజ్యోతి, ఆ అబద్ధం తనకే ఎదురొచ్చి నిలబడేసరికి, ఏసయ్యా అని ఒక్క కేకపెట్టి, గేటు ఎటు ఉందో తెలియక చొప్పవామి మీదికి ఎగిరాడు. వామి జారింది. దాంతోపాటు ఆయనా అవతలికి జారి, దేనిమీదో మెత్తగా పడ్డాడు.

"అబ్బా!" అంది ఆ మెత్తనిది.

ఆయన అరవబోయేలోగా గరుకు చెయ్యి ఒకటి నోరు మూసేసింది.

"అరవొద్దు నాయనా. నేను... హన్నమ్మను."

వామి చాటున, ఎన్నాళ్లనుంచో పాడుబడి ఖాళీగా ఉన్న పాతర ఒకటి ఉంది. దాని అంచున ఆమె బోర్లా పడుకుని ఉంది. మాట దాంట్లోకి పంపితే గుమ్మని పైకి లేస్తుంది. చీకట్లో, అందరి చెవులూ కొత్త పాతర మీద ఉన్నప్పుడు, అది ఏ గోతిలోంచి వచ్చిందని ఎవరు చూస్తారు?

పరంజ్యోతి లేచి కూర్చుని ఒంటికి అంటిన చొప్ప దులుపుకున్నాడు. ఇన్నేళ్లూ నువ్వేనా పెద్దమ్మా అని గుసగుసగా అడిగాడు. నేనే అంది. మరి లాంతరు ఎట్లా ఆర్పుతావన్నాడు.

"అది నేను ఆర్పేది కాదప్పా. అది నువ్వు చెప్పే గాలే. నేను పిలిచేది ఒకటే."

ఆ తర్వాత కూర్చుని, చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ చెప్పింది. ఆ రాత్రి కూడా ఇట్లాగే మబ్బు పట్టి ఉందట. తెల్లారిందాక తెరిచి పెట్టు, దీపం దించి చూసి దిగు అని ఆమె ఎన్నో విధాల చెప్పిందట. ఆడదానివి నీకేం తెలుసు అని సంజీవయ్య దిగాడు. అరిచింది కూడా లేదు. పైనున్నవాళ్లు ఇంకా ఆయన గంప అందిస్తాడనే చూస్తూ నిలబడ్డారట. నెల తిరక్కుండానే హమాలీలు మళ్లీ అదే తొందర మొదలుపెడితే, చెప్పి చూసింది, ఏడ్చి చూసింది. వినలేదు. ఒక చీకటివేళ వచ్చి ఈ గోతిలోకి పిలిచింది.

"మొదటి దినం పిలుద్దామంటే గొంతు రాలేదు నాయనా. ఏడుపే వచ్చింది. దానికే ఎక్కువ బెదిరినారు," అని నవ్వింది.

పరంజ్యోతి నవ్వలేదు. ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు.

వాన రాలేదు. మబ్బు నల్లమల దాటి ఎటో పోయింది. మూత తీసిన పాతర తీసినట్టే ఉండిపోయింది, దాని దగ్గరికి పోయే ధైర్యం ఎవరికుంది గనక. పరంజ్యోతి ఆ రాత్రి హన్నమ్మ ఇంటి అరుగు మీదే పడుకున్నాడు. చీకట్లో బస్టాండు దాకా ఒంటరిగా పోలేక అని ఆయన ఒప్పుకోలేదు గానీ, ఆమెకు తెలుసు. మూడోనాటి మధ్యాహ్నం కంబళి విసిరి, లాంతరు దించితే దీపం నిలబడి వెలిగింది. నరసింహులు దిగి, మొదటి గంప జొన్నలు పైకి అందించి, నిక్షేపంగా పైకి వచ్చాడు.

ఇక మిగిలింది భద్రతా వార్త. దెయ్యం ఉందని రాద్దామంటే దేవుడు మెచ్చడు. లేదని రాద్దామంటే హమాలీలు బతకరు. పరంజ్యోతి స్టెన్సిల్ ముందు పెట్టుకుని రాత్రుళ్లు తల పట్టుకున్నాడు. చివరకు దెయ్యం ఊసే లేకుండా, కాగితం నిండా పట్టేటంత అక్షరాలతో ఒక్కమాట రాశాడు. ఈసారి సిరా పొయ్యడంలో లోభం చేయలేదు.

అచ్చయిన కాగితం తీసుకుని తానే ఆళ్లగడ్డ పోయి, హన్నమ్మకు చదివి వినిపించాడు.

'పాతరలో దీపం ఆరితే ఎవరూ దిగవద్దు. దిగినవాడు పడిపోతే వాడికోసం ఇంకొకడు దూకవద్దు.'

కింద, చెప్పినవారి పేరు — సంజీవయ్య, హమాలీ, ఆళ్లగడ్డ.

ఆమె మళ్లీ చదవమంది. చదివాడు. ఆ పేరు ఎక్కడుందో వేలుపెట్టి చూపించమంది. చూపించాడు. ఆ అక్షరాల మీద చెయ్యి వేసి నిమిరింది. కళ్లు నీళ్లు కారుతున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది.

"బతికినన్నాళ్లూ నా మాట ఒక్కటి ఇనలేదప్పా ఆయప్ప," అంది. "ఇప్పుడు జూడు... నేను ఏం చెప్పమంటే అదే చెప్తాండాడు."